మందులోని మేలు, కీడు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితం

మా కర్నూలు, కడప సీమలలో మందు అనే మాటకు ఉన్నన్ని అర్థాలు మరే మాటకైనా ఉన్నవో లేవో చెప్పలేము. వేరుశనగ చేనిలో పురుగుకు కొట్టేదీ మందే. బండను పగులగొట్టడానికి కూరి పేల్చేదీ మందే. సీసాలలో పోసి అమ్మేదీ మందే. గిట్టనివారు అన్నంలో కలిపి పెట్టారని పుకారు పుట్టేదీ మందే. జ్వరం వస్తే దవాఖానాలో ఇచ్చేదీ మందే. మేలు చేసేదానికీ చంపేదానికీ మన పూర్వులు ఒకే మాట వాడటం భాషా దారిద్ర్యం కాదని, అందులో గొప్ప అనుభవం దాగి ఉన్నదని మా నమ్మకం. ఈ సంచికలో మేము పరిచయం చేయదలచిన మహనీయుని జీవితమంతా ఆ ఒక్క మాటకు వ్యాఖ్యానమా అన్నట్లు సాగింది.

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు వినని విద్యార్థి మన రాష్ట్రంలో ఉండడు. అయితే ఆ పేరుతోపాటు నాలుగైదు మందుల జాబితాను వల్లించి, నోబెల్ బహుమతి రాలేదని ఒకసారి నిట్టూర్చి ఊరుకోవడం మనకు పరిపాటి అయింది. ఆ మందులు ఎట్లా పనిచేశాయి, ఎవరిని బ్రతికించాయి, ఎవరికి ఏ హాని తలపెట్టాయి అన్న విచారణ ఎక్కడో తప్ప కనబడదు. నేడు మన ఊళ్ళలో కీళ్ళనొప్పులకు, ఆయాసానికి, చర్మవ్యాధులకు స్టెరాయిడ్ మాత్రలు విరివిగా వాడుకలోకి వచ్చాయి. వాటి వాడకంలోని లాభనష్టాలను విచారించేవారికి సుబ్బారావు గారి జీవితం కంటె మంచి ప్రవేశిక మాకు దొరకలేదు. ఆయన స్టెరాయిడ్‌ను కనిపెట్టలేదు. కాని ఆ మాత్రలతో జతకూడి నేడు లక్షలాది రోగులకు అందుతున్న ఔషధం ఆయన ప్రయోగశాల నుండి వచ్చినదే.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. అనారోగ్యం వలన ఆ కొలువూ ముందుగానే విడువవలసి వచ్చింది. తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు సంతానం గల ఇంట దారిద్ర్యం నిత్యాతిథి. పదమూడవ ఏట సుబ్బారావు ఇల్లు విడిచి, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలని బయలుదేరాడు. దారిలోనే పట్టుకొని వెనుకకు తెచ్చారు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ హైస్కూలు నుండి నెగ్గాడు. పరీక్ష తప్పిన మిత్రులెవరైనా ఈ వ్యాసం చదువుతూ ఉంటే ఈ వాక్యాన్ని మరొకసారి చదువుకొనవచ్చును.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదివేనాడు రామకృష్ణ మిషన్ వారి ప్రభావంతో సన్న్యసింపబూనగా తల్లి అంగీకరించలేదు. సేవయే కోరిక అయితే వైద్యం చదువుమని మిషన్ పెద్దలు హితవు చెప్పారట. ఆ విధంగా మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు తమ కుమార్తె శేషగిరినిచ్చి వివాహం చేసి, అల్లుని చదువుకు ఆసరాగా నిలిచారు. గాంధీజీ పిలుపునందుకొని శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు అంగీ తొడుగుకొని పోయినందుకు ఆచార్యుడైన బ్రాడ్‌ఫీల్డ్ దొరకు ఆగ్రహం కలిగింది. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే చేతికి వచ్చింది. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం దొరకలేదు. మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించే పనిలో కుదిరారు.

ఆ దినాలలోనే ఆ కుటుంబంపై పిడుగు పడింది. అన్నగారు పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి స్ప్రూ అనే వ్యాధితో కొద్ది దినాల వ్యవధిలో ఒకరి వెంట ఒకరు మరణించారు. తిన్న ఆహారం వంటబట్టక, ఎడతెగని విరేచనాలతో రక్తం క్షీణించి మనిషి శుష్కించిపోయే జబ్బది. మన పెద్దలు సంగ్రహణి అనేది ఇటువంటి రోగాన్నే. సుబ్బారావు గారికీ అదే వ్యాధి సోకగా, డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారని ఆయన జీవితచరిత్ర వ్రాసినవారు చెబుతారు. పాశ్చాత్య వైద్యం చదివిన యువకుడు తన ప్రాణాన్ని దేశీయ వైద్యానికి ఋణపడటం సామాన్య విషయం కాదు. ఆ మందులో ఏ పదార్థం పనిచేసింది? ఎంత మోతాదులో? ఎందువలన? ఈ ప్రశ్నలు ఆయనను జీవితాంతం వదలలేదని మేము అనుకుంటున్నాము.

మామగారి సహాయంతోనూ, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన ధనంతోనూ 1920 దశకం ఆరంభంలో ఆయన ఓడనెక్కి అమెరికాలోని బోస్టన్ నగరం చేరారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల శాస్త్రంలో డిప్లొమా పొందారు. పొట్టకూటికై ఒక ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పని చేశారు. భార్యను స్వదేశంలో విడిచి వెళ్ళిన ఆయన మళ్ళీ భారతదేశం చూడలేదు. పుట్టిన మగబిడ్డ పసితనంలోనే కన్నుమూసిన వార్త ఉత్తరంలో అందింది. ఆ ఇల్లాలు దశాబ్దాల తరబడి ఎదురుచూచింది. మహాపురుషుల చరిత్రలు వ్రాసేవారు ఈ సంగతిని ఒక వాక్యంలో దాటవేస్తారు. మేమూ అంతకు మించి చేయలేకపోతున్నామని ఒప్పుకుంటున్నాము.

హార్వర్డులో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని వద్ద చేరి, రక్తంలోను మూత్రంలోను భాస్వరం ఎంత ఉన్నదో రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని 1925లో వెలువరించారు. జీవరసాయనం చదివిన మా విద్యార్థులకు ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే పేరు పరిచితమే. ఆ కొలతే ఆధారంగా కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని 1927లోను, సకల ప్రాణులకు శక్తినిచ్చే నాణెం వంటి ఏ.టి.పి.ని 1929లోను వెలికితీశారు. ఏ.టి.పి.ని అదే కాలంలో జర్మనీలో లోమన్ అనే శాస్త్రజ్ఞుడు స్వతంత్రంగా కనుగొన్నాడు. ఇంతటి పరిశోధన చేసినా హార్వర్డు ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి ఇవ్వలేదు. 1940లో విశ్వవిద్యాలయం విడిచి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊళ్ళో ఉన్న లెడర్లే ఔషధ ప్రయోగశాలలకు వెళ్ళారు. అనతికాలంలోనే అక్కడి పరిశోధనలన్నిటికీ అధిపతి అయ్యారు.

లెడర్లేలో ఆయన మొదట వెదికినది రక్తహీనతను పోగొట్టే పదార్థాన్ని. ఈ వెదుకులాటకు మన దేశంలోనే పునాది పడింది. లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో నూలుమిల్లులలో పనిచేసే గర్భిణులకు వచ్చే ఒక విధమైన రక్తహీనత, ఈస్టు సారంతో చేసిన మార్మైట్ తినిపిస్తే తగ్గుతున్నదని 1931లో ప్రకటించింది. ఈస్టులోను, కాలేయంలోను ఉన్న ఆ గుప్త పదార్థమే ఫోలిక్ ఆమ్లం; ఆకుకూరలలో సమృద్ధిగా ఉండేదీ ఇదే. సుబ్బారావు గారి బృందం 1945 నాటికి దానిని ప్రయోగశాలలో తయారు చేయగలిగింది. వెంటనే టామ్ స్పైస్ అనే వైద్యుడు క్యూబా, ప్యూర్టోరికో దీవులలోని స్ప్రూ రోగులకు దానిని ఇచ్చి చూడగా వారు లేచి తిరిగారు. తన సోదరులిద్దరిని బలిగొన్న వ్యాధికి సుబ్బారావు గారు ఇరవై ఏండ్ల పైచిలుకు తరువాత మందును సాధించారన్నమాట.

కథ ఇక్కడితో ముగిస్తే పిల్లల పాఠ్యపుస్తకానికి చక్కగా అమరుతుంది. కాని ఫోలిక్ ఆమ్లానికి రెండవ ముఖం త్వరలోనే బయటపడింది. బి-12 విటమిన్ లోపం వలన కూడా అచ్చం అటువంటి రక్తహీనతే వస్తుంది. అట్టి రోగికి ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడినట్లు కనబడుతుంది. లోలోపల నరాలు మాత్రం చెడుతూనే పోతాయి. ముఖం ఎర్రబడింది, జబ్బు నయమయింది అని అందరూ సంతోషించే వేళకు రోగి కాళ్ళలో స్పర్శ పోతుంది. బి-12 విటమిన్‌ను వేరు చేయడం 1948లో గాని సాధ్యం కాలేదు.

రెండవ ముఖం మరింత భయంకరమైనది. బోస్టన్ బాలల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్‌తో మరణిస్తున్న పిల్లలకు లెడర్లే నుండి వచ్చిన ఫోలిక్ ఆమ్ల సంబంధమైన పదార్థాలను ఇచ్చాడు. ఎముకల మూలుగలో పుట్టే రక్తకణాలకు బలమిచ్చే మందు గనుక మేలు జరుగుతుందని ఆశ. జరిగింది విపర్యం. వ్యాధి కణాలు ఇంకా వేగంగా పెరిగాయి. మంచి కణానికి ఆహారమైనది చెడ్డ కణానికీ ఆహారమే కదా! మరొకరైతే ఆ ప్రయోగాన్ని అంతటితో విడిచిపెట్టేవారు. ఫార్బర్, సుబ్బారావు ఇద్దరూ మరొక విధంగా ఆలోచించారు. ఈ ఆహారం చెడ్డ కణాన్ని పెంచితే, ఆహారంలాగా కనబడుతూ ఆహారం కానిదానిని తినిపిస్తే ఏమవుతుంది? కణం దానిని మింగి, పని జరగక, పెరగలేక చస్తుంది. తాళంలో దూరుతుంది గాని తిరగని తాళపుచెవి వంటి పదార్థం కావలెను.

సుబ్బారావు గారి రసాయనశాస్త్రజ్ఞులు ఫోలిక్ ఆమ్లపు అణువును అక్కడక్కడ కొద్దికొద్దిగా మార్చి అటువంటి దొంగ తాళపుచెవులను తయారు చేశారు. వానిలో అమినోప్టెరిన్ ప్రసిద్ధమైనది. 1947 డిసెంబరు చివర ఫార్బర్ దానిని ఒక పసివానికి ఇచ్చాడు. ఉబ్బిన పొట్ట తగ్గి, రక్తంలోని చెడ్డ కణాలు తగ్గి, లేవలేని బిడ్డ లేచి ఆడుకున్నాడు. పదహారుమంది పిల్లలలో పదిమందికి గుణం కనిపించిందని 1948 జూన్ 3న వైద్యపత్రికలో ప్రచురించారు. రచయితలలో సుబ్బారావు గారి పేరు లేదు. ఆ గుణం కొన్ని మాసాలే నిలిచింది, పిల్లలు మళ్ళీ జబ్బుపడ్డారు. ఆ కొన్ని మాసాలలో కూడా నోటిలో పుండ్లు, రక్తస్రావం వంటి బాధలు తప్పలేదు. ఎందుకనగా ఆ మందుకు కణం మంచిదో చెడ్డదో తెలియదు. వేగంగా పెరిగే ప్రతి కణాన్నీ అడ్డగించడమే దానికి తెలుసు. నోటి లోపలి పొర, పేగు పొర, మూలుగ ఇవన్నీ వేగంగా పెరిగేవే. మేలు చేసిన శక్తీ, కీడు చేసిన శక్తీ ఒక్కటే. వాటిని వేరు చేయగలిగేది మోతాదు, కాలం, కనిపెట్టి చూచే వైద్యుని కన్ను.

అమినోప్టెరిన్ కంటె కొంత సౌమ్యమైన దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్. నేటికీ నిలిచింది అదే.

అదే కాలంలో లెడర్లే నుండి మరి రెండు ఔషధాలు వెలువడ్డాయి. బోదకాలు వ్యాధికి హెట్రజాన్ 1947లో వచ్చింది. గోదావరి తీరంలో పుట్టినవానికి ఆ వ్యాధిని గురించి ఎవరూ చెప్పనక్కరలేదు. బెంజమిన్ డగ్గర్ అనే వయోవృద్ధుడైన వృక్షశాస్త్రజ్ఞుని చేర్చుకొని, మట్టిలోని సూక్ష్మజీవులను గాలింపజేయగా ఆరియోమైసిన్ దొరికింది. టెట్రాసైక్లిన్ జాతి మందులలో అది మొదటిది. 1948లో లోకానికి వెల్లడయింది. వీటికీ రెండవ ముఖాలున్నాయి. హెట్రజాన్ క్రిములను చంపినప్పుడు ఆ చచ్చిన క్రిముల వలననే జ్వరం, తలనొప్పి వస్తాయి. టెట్రాసైక్లిన్ పసిపిల్లల పండ్లకు చెరగని మరక వేస్తుంది.

1948 ఆగస్టులో సుబ్బారావు గారు నిద్రలోనే గుండె ఆగి మరణించారు. వయస్సు 53 సంవత్సరాలు. ఫార్బర్ పత్రం వెలువడి రెండు నెలలే అయింది.

ఆయన కన్నుమూసి ఆరు వారాలు తిరిగిందో లేదో, సెప్టెంబరు 21న అమెరికాలోనే మిన్నెసోటా రాష్ట్రంలో రోచెస్టర్ అనే ఊరి మేయో వైద్యశాలలో మరొక ఘట్టం జరిగింది. కీళ్ళవాతంతో మంచం పట్టిన ఇరవై తొమ్మిదేండ్ల స్త్రీకి ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు, ఎడ్వర్డ్ కెండల్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు కనుగొన్న పదార్థాన్ని సూదిమందుగా ఇచ్చాడు. వారం రోజులలో ఆమె నడచి బజారుకు వెళ్ళింది. ఆ పదార్థమే కార్టిసోన్. మన మూత్రపిండాలపై టోపీల వలె కూర్చున్న అడ్రినల్ గ్రంథుల నుండి స్రవించే రసానికి అది దగ్గరి చుట్టం. 1950లో హెంచ్, కెండల్, స్విట్జర్లాండుకు చెందిన రైక్‌స్టైన్ ముగ్గురికీ నోబెల్ బహుమతి వచ్చింది. బహుమతి వచ్చేనాటికే తొలి రోగులలో ముఖం చంద్రబింబంలా ఉబ్బడం, మతి చలించడం, మందు ఆపగానే నొప్పులు తిరుగబెట్టడం హెంచ్ స్వయంగా చూచాడు. 1955 నాటికి నోటి ద్వారా తీసుకొనే, ఇంకా బలమైన ప్రెడ్నిసోన్ మాత్ర వచ్చింది. సుబ్బారావు గారు ఒకనాడు ఏలిన లెడర్లే ప్రయోగశాలలు కూడా 1950 దశకం చివరలో ట్రయామ్సినోలోన్ అనే స్టెరాయిడ్‌ను సమకూర్చాయి.

స్టెరాయిడ్ ఎట్లా పనిచేస్తుందో స్థూలంగా చెబుతాము. వాపు అనేది మన శరీర రక్షకదళం చేసే యుద్ధం. ఆస్తమాలోను, కీళ్ళవాతంలోను ఆ దళం శత్రువు లేకున్నా సొంత ఇంటిపై పడుతుంది. స్టెరాయిడ్ ఆ దళం చేతులు కట్టివేస్తుంది. ఆయాసం తగ్గుతుంది, కీలు వంగుతుంది, ఆకలి పుడుతుంది, మనస్సుకు హుషారు వస్తుంది. ఉబ్బసం తీవ్రమై ఊపిరాడనివానికి, శరీరం తన మూత్రపిండాలనే దెబ్బతీసుకొనే కొన్ని జబ్బులకు, అడ్రినల్ గ్రంథులు పాడైనవానికి అది ప్రాణదాత. అందులో సందేహం లేదు. అయితే కట్టివేయబడిన దళం నిజమైన శత్రువు వచ్చినా లేవదు. మూలనున్న క్షయ తల ఎత్తుతుంది. చక్కెర పెరుగుతుంది. నెలల తరబడి వాడితే ఎముకలు గుల్లబారి, కంటిలో శుక్లాలు కమ్మి, చర్మం పలుచనవుతుంది. నొప్పి మాత్రలు కూడా తోడైతే కడుపులో పుండు పడుతుంది. అన్నిటికంటె మోసకరమైన సంగతి ఒకటి ఉన్నది. బయటి నుండి రసం వస్తున్నదని సొంత గ్రంథి నిద్రపోతుంది. మందు హఠాత్తుగా మానితే ఆ గ్రంథి వెంటనే మేల్కొనదు. రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అందుచేతనే చాలకాలం వాడినవారికి వైద్యులు మోతాదును మెట్లు మెట్లుగా తగ్గిస్తారు.

నంద్యాల వైపు ఒక పల్లెలో మేమెరిగిన ఒక వృద్ధురాలు ఉండేది. మోకాళ్ళు, వేళ్ళ కణుపులు వాచి బిందె ఎత్తలేకపోయేది. ఎవరో ఒక దుకాణంలో పేరు లేని కాగితపు పొట్లంలో బిళ్ళలు కట్టి ఇచ్చారు. మూడవనాటికి ఆమె లేచి కళ్ళాపి చల్లింది. ఊరు ఊరంతా ఆ పొట్లాన్ని కొనియాడింది. ఏడాది తిరిగేసరికి ముఖం గుండ్రనై, చెంపలు నిండి, అవ్వ ఒళ్ళు చేసిందని బంధువులు సంతోషించారు. అది ఒళ్ళు కాదని చెప్పేవారు లేకపోయారు. మేమూ ఆనాడు చెప్పలేదు, మాకూ తెలియదు. వానలు లేని ఒక సంవత్సరం చేతిలో పైకం ఆడక నెలపాటు బిళ్ళలు మానివేసింది. వాంతులు, నీరసం పట్టుకొని స్పృహ తప్పిన స్థితిలో ఆసుపత్రికి చేర్చగా, అక్కడి వైద్యుడు ఆ ముఖం చూడగానే ఏ బిళ్ళలు వాడుతున్నదని అడిగాడట. పొట్లం మీద పేరు ఉంటే గదా చెప్పడానికి! ఆమె బ్రతికింది గాని తుంటి ఎముక విరిగి మళ్ళీ నడవలేదు.

ఆ వృద్ధురాలికి స్టెరాయిడ్ ఇవ్వడమే తప్పని మేము అనము. ఏమి ఇచ్చారో చెప్పకపోవడం, ఎంతకాలమో చెప్పకపోవడం, మానేటప్పుడు ఎట్లా మానాలో చెప్పకపోవడం తప్పు. 2020లో కోవిడ్ మహమ్మారి కాలంలో ఇంగ్లండులో జరిగిన గొప్ప పరీక్ష ఈ భేదాన్ని అంకెలతో చూపింది. రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ పది రోజులకు మించకుండా ఇస్తే, కృత్రిమ శ్వాసయంత్రంపై ఉన్నవారిలో మరణాలు మూడవవంతు, ప్రాణవాయువు మాత్రమే పెట్టినవారిలో ఐదవవంతు తగ్గాయి. ప్రాణవాయువు అవసరం లేనివారికి ఏ మేలూ కలుగలేదు. ఆ వార్తలో మొదటి సగమే జనానికి చేరింది. మరుసటి ఏడు వేసవిలో జలుబుకు, జ్వరానికి కూడా ఇంట్లోనే ఆ మాత్రలు మింగినవారు ఎందరో. చక్కెర వ్యాధి ఉండి, స్టెరాయిడ్లు అధికంగా పడిన రోగులకు నల్ల ఫంగస్ సోకి కళ్ళూ దవడలూ కోల్పోయిన దుఃఖాన్ని 2021లో దేశమంతా చూచింది. మన సీమ కూడా చూచింది.

ఇక సుబ్బారావు గారి మందు స్టెరాయిడ్‌తో ఎట్లా జతకూడిందో చెప్పవలసి ఉన్నది. ఫార్బర్ పిల్లలకు దొరికిన కొన్ని మాసాలను సంవత్సరాలుగా మార్చే యత్నంలో, 1960 దశకం ఆరంభంలో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో నాలుగు మందులను కలిపి ఇచ్చారు. ఒకటి బిళ్ళగన్నేరు నుండి తీసిన విన్‌క్రిస్టిన్. కడపలోనూ కర్నూలులోనూ నీళ్ళు పోయకున్నా పూచే ఆ గులాబిరంగు పూల మొక్కే. రెండవది సుబ్బారావు గారి మెథోట్రెక్సేట్. మూడవది మెర్కాప్టోప్యూరిన్, దానిని తయారు చేసినవారిలో ఒకరైన జార్జ్ హిచింగ్స్ ఒకప్పుడు హార్వర్డులో అదే ఫిస్క్ ప్రయోగశాలలో సుబ్బారావు గారితో పనిచేసినవాడు, తరువాత 1988లో నోబెల్ పొందినవాడు. నాలుగవది ప్రెడ్నిసోన్, స్టెరాయిడ్ మాత్ర. ఒక్కొక్కటి విడిగా ఓడిపోయిన చోట నాలుగూ కలిసి నిలిచాయి. నేడు సదుపాయాలున్న దేశాలలో ఆ జబ్బు సోకిన పిల్లలలో పదింట తొమ్మిదిమంది బ్రతుకుతున్నారు.

కీళ్ళవాతంలో ఈ స్నేహం మరొక రీతిది. 1951లోనే గుబ్నర్ అనే వైద్యుడు అమినోప్టెరిన్ వలన కీళ్ళవాతం, సోరియాసిస్ తగ్గుతున్నట్లు గమనించాడు గాని, కార్టిసోన్ వైభవపు దినాలలో ఆ మాట వినేవారు లేకపోయారు. స్టెరాయిడ్ కీడు తెలిసివచ్చిన తరువాత, చాల తక్కువ మోతాదులో వారానికి ఒక్కసారి ఇచ్చే మెథోట్రెక్సేట్ వైపు వైద్యులు మళ్ళారు. 1988లో అమెరికా ప్రభుత్వం కీళ్ళవాతానికి దానిని అనుమతించింది. దాని గుణం తెలియడానికి వారాలు పడుతుంది. ఆ వారాలలో నొప్పిని ఓర్చడానికి కొద్దిపాటి స్టెరాయిడ్ ఇచ్చి, ఇది పనిచేయ మొదలుపెట్టగానే దానిని తగ్గించుకుంటూ పోతారు. అంటే సుబ్బారావు గారి మందు స్టెరాయిడ్ చేతి నుండి రోగిని విడిపించే పని చేస్తున్నది.

దానికీ ప్రమాదం లేకపోలేదు. వారానికి ఒకసారి అన్న మాట రోగికి సరిగా తెలియక ప్రతిదినం మింగితే నోరు పుండ్లు పడి, మూలుగ ఎండి, రక్తకణాలు పడిపోయి మరణించిన ఉదంతాలు ప్రపంచమంతటా నమోదయ్యాయి. గర్భిణులు దానిని తాకరాదు. కాలేయాన్ని, రక్తాన్ని పరీక్షింపజేసుకుంటూ ఉండవలెను. చదువురాని రోగికి చీటీపై ఆంగ్లంలో వ్రాసి ఇస్తే చాలదు. జుమ్మా నాడనో, శనివారం నాడనో ఒక దినం పేరు నోటితో చెప్పి, ఆ ఒక్క దినమే అని మళ్ళీ చెప్పించుకోవలసి ఉంటుంది. మా ఉర్దూ విభాగం మిత్రులు ఈ విషయాన్ని తమ భాషలోనూ వ్రాయవలెనని కోరుతున్నాము. దవా చీటీ చదివి పెట్టుమని ఇంటి పెద్దలు మొదట పిలిచేది కళాశాల విద్యార్థినే.

సుబ్బారావు గారి పేర 1995లో భారత తపాలాశాఖ స్టాంపు వెలువరించింది. అంతకు ముందే 1953లో ఒక శిలీంధ్రానికి ఆయన పేరు పెట్టారు. మన పెద్దాసుపత్రులలో కీళ్ళవాతం రోగికి వ్రాసి ఇచ్చే చీటీలో మాత్రం ఆ పేరు ఎక్కడా ఉండదు. ఉదయం అన్నం తిన్న తరువాత చిన్న స్టెరాయిడ్ మాత్ర, కొన్ని వారాలు, తగ్గించుకుంటూ. వారానికి ఒక్క దినం మెథోట్రెక్సేట్. ఆ మందు నోటికి, మూలుగకు చేసే హానిని కాయడానికి మరొక దినం ఒక చిన్న పసుపుపచ్చని బిళ్ళ. అది ఫోలిక్ ఆమ్లం.